గడ్డిమందు జాడ చెప్పే బంగారు రేణువులు

(సికింద్రాబాదులో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాలలో సూక్ష్మజీవులు పెరిగాయో లేదో తెలుసుకోవడానికి మెథిలీన్ బ్లూ వేసి చూస్తారు. నీలిరంగు ఎంత త్వరగా పోతే పాలు అంత నాసి అన్నమాట. నీళ్లలోని గడ్డిమందును కూడా ఇలాగే రంగుతో పట్టవచ్చునని శాస్త్రజ్ఞులు చూపారు.

బంగారాన్ని కంటికి కనిపించనంత సన్నని రేణువులు చేసి నీళ్లలో కలిపితే ఎర్రగా ఉంటుంది. రేణువులు గుంపుకడితే ఎరుపు పోయి నీలం వస్తుంది. గ్లైఫోసేట్ వంటి మందును పట్టుకునే పూత వాటికి పూస్తే, మందు తగలగానే గుంపుకడతాయి. మద్రాసు ఐ.ఐ.టి.లో ప్రదీప్ గారి బృందం ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును బంగారు రేణువులతో గుర్తించి, 2003లో ఆ వివరాలు ప్రకటించింది.

అయితే ఒక చిక్కున్నది. ఉప్పు తగిలినా ఈ రేణువులు గుంపుకడతాయి. మన బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ. కనుక రంగు మారితే ప్రయోగశాలలో రూఢి చేసుకోవాలి.

తాగునీటిలో అట్రజిన్ లీటరుకు 2 మైక్రోగ్రాములు మించరాదని భారత ప్రమాణం. అంత కొద్దిపాటిది కంటికీ, నాలుకకూ అందదు.

ఈ పరీక్ష మన సంఘాల దాకా వచ్చేలోగా జాగ్రత్త మన చేతిలోనే ఉన్నది. మందు కొట్టిన పంపును చెరువులోగాని, పశువుల తొట్టి దగ్గరగాని కడగవద్దు. ఖాళీ మందు డబ్బాను కుడితికి వాడవద్దు. మందు పడిన గట్టుమీద గడ్డిని, లేబులుపై చెప్పిన గడువు తీరేదాకా మేపవద్దు.

పశువు తాగే నీరు బాగుంటేనే మన పాడి బాగుంటుంది.