కడుపు కాపాడే ఆపరేషన్



రోబో సర్జరీ గురించి మాట్లాడమని పిలిచారు. ముందు ఐరన్ మాత్రల గురించి మాట్లాడనివ్వండి. మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందుకే పాలిపోయిన పిల్ల ఓపీకి వస్తే ఐరన్ రాసి పంపేస్తాం. కానీ పిల్లల్లో అరుదుగా వచ్చే జిస్ట్ కణితి ఎక్కువగా కనిపించేది ఇంచుమించు ఈ ఈడు ఆడపిల్లల జీర్ణాశయంలోనే. నొప్పి తెలియకుండానే లోలోపల రక్తం కారుతుంది, విరేచనం తారులా నల్లబడుతుంది. ఐరన్ మాత్రలకీ నల్లగానే అవుతుంది కదా! తల్లి అడిగితే "మాత్రల వల్లేనమ్మా" అని మనమే సర్దిచెప్తాం. మాత్రలు సరిగ్గా మింగుతున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే దయచేసి ఎండోస్కోపీకి పంపండి.

పెద్దవాళ్ల జిస్ట్‌కి ఇమాటినిబ్ బాగా పనిచేస్తుంది. పిల్లల్లో ఎక్కువమందికి ఆ మందు పనిచేసే జన్యుమార్పు ఉండదు, ఎస్‌డీహెచ్ ఎంజైము లోపం ఉంటుంది. భారమంతా ఆపరేషన్ మీదే పడుతుంది. ఆపరేషన్ చేసినా వ్యాధి తరచూ తిరగబెడుతుంది. అమెరికా ఎన్ఐహెచ్ క్లినిక్ రోగులపై 2016లో వచ్చిన అధ్యయనంలో, ఐదేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు సుమారు నాలుగో వంతే. అయినా చాలామందిలో అది మెల్లగా నడుస్తుంది, ఏళ్ల తరబడి బతుకుతారు. అలాంటప్పుడు మొదటి ఆపరేషన్‌లోనే కడుపు చాలా భాగం తీసేస్తే, పిల్ల జీవితాంతం తిండితోనూ బి12 లోపంతోనూ అవస్థ పడాలి. మచ్చ చిన్నదవడం కన్నా కడుపు మిగలడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

రోబో అక్కరకొచ్చేది ఇక్కడే. కణితి జీర్ణాశయం పెద్ద వంపు మీద ఉంటే మామూలు లాపరోస్కోపీ చాలు. అన్నవాహిక కలిసేచోటో, పైలోరస్ పక్కనో ఉంటే స్టేప్లర్ వేసినప్పుడు దారి ఇరుకవుతుంది. అక్కడ మణికట్టులా తిరిగే పరికరాలతో, కొద్దిపాటి అంచు మాత్రమే కలుపుకుని కణితిని కోసి, గోడను కుట్టేయవచ్చు. ఎంత కోయాలో ఎండోస్కోపీ చేసే డాక్టరు లోపలినుంచి లైటు వేసి చూపిస్తారు.

అయితే చాలా యంత్రాల్లో చేతికి స్పర్శ తెలియదు. పట్టు బిగిసిందో లేదో, కణజాలం తెల్లబడటాన్ని బట్టి కంటితోనే పోల్చుకోవాలి. కణితిని నేరుగా పట్టుకోవద్దు. పక్కనున్న మంచి గోడకు కుట్టు వేసి, ఆ దారంతో లాగండి. కణితి పగిలితే దాని కణాలు పొట్టంతా చెదురుతాయి. సంచిలో వేశాకే బయటికి తీయాలి. నెలల బిడ్డ పొట్టంతా నిండిన టెరటోమా అనే వేరే రకం కణితికైతే పొట్ట తెరవడమే మేలు, రోబో చేతులకు అక్కడ ఎడం చాలదు.

ఇంకొక్క మాట. ఎస్‌డీహెచ్ లోపమున్న పిల్లల్లో పారాగాంగ్లియోమా అనే మరో కణితి కూడా దాగి ఉండొచ్చు. అది ఉంటే మత్తు ఇచ్చాక బీపీ ఒక్కసారిగా ఎగబాకే ప్రమాదముంది. ఎస్‌డీహెచ్ లోపం ఉందన్న అనుమానం ఉన్న ప్రతి బిడ్డకూ ఆపరేషన్‌కు ముందే మెటానెఫ్రిన్ల పరీక్ష చేయించండి, బీపీ మామూలుగా ఉన్నా సరే.