రైలు సరే, స్టేషన్ ఎక్కడ?

(గత శనివారం మన వేదిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రైల్వే ఇంజనీరుని కాదు. మీలో చాలా మందిలాగే సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే, రోజూ రైలెక్కే ప్రయాణికుడిని, అంతే! మనలో చాలా మందికి రైలు అనగానే పట్టాలు, బోగీలు, ఎన్ని వందల కోట్లు అన్నవే గుర్తొస్తాయి. స్టేషన్ సంగతి చివర్లో వస్తుంది. మా అమ్మ మాత్రం ఏ రైలు పేరెత్తినా ముందు అడిగే మాట ఒకటే: "మెట్లెన్ని నాన్నా?" మోకాళ్ళ నొప్పులున్న మనిషికి రైలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది, ఒక్కోసారి అక్కడే ఆగిపోతుంది.

మనకి దగ్గర్లోనే ఉన్న ఉదాహరణతో మొదలు పెడతాను. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సొనోమా, మరీన్ కౌంటీల మధ్య నడిచే 'స్మార్ట్' రైలు. 2006లో దీని కోసం అమ్మకం పన్ను వేద్దామా అని ఓటింగ్ పెడితే మూడింట రెండు వంతుల మెజారిటీ కొద్దిలో తప్పిపోయింది. 2008లో మళ్ళీ అడిగితే జనం సరేనన్నారు, డాలరుకి పావు సెంటు చొప్పున. రైలు 2017 ఆగస్టులో మొదలైంది. పాత నార్త్‌వెస్టర్న్ పసిఫిక్ పట్టాల మీదే నడిపారు. కొత్తగా భూమి కొనే బాధ చాలా వరకు తప్పింది, కానీ దానికీ ఒక ధర ఉంది. పట్టాలు ఎక్కడుంటే స్టేషన్ అక్కడే! 2025 దాకా ఉత్తరపు కొసన ఉన్న స్టేషన్‌కి 'ఎయిర్‌పోర్ట్' అని పేరు పెట్టారు. దిగి చూస్తే విమానాశ్రయం కనపడదు, మైలుకి పైనే దూరం. దక్షిణపు కొసన లార్క్‌స్పర్ స్టేషన్ 2019 డిసెంబర్‌లో తెరిచారు, శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళే ఫెర్రీ అందుకోవడానికి. రైలు దిగి ఫెర్రీ దాకా పది నిమిషాల నడక. వర్షంలో, చేతిలో సామాను ఉంటే ఆ పది నిమిషాలు ఎంతవుతాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇది వింటుంటే మీకు మన హైదరాబాద్ గుర్తొచ్చి ఉండాలి. వాడి నుంచి సికింద్రాబాద్‌కి నిజాం కాలంలో, 1874లో పడ్డ లైను అది. సైబర్ టవర్స్ వచ్చింది 1998లో. ఎంఎంటీఎస్ మొదలైంది 2003 ఆగస్టు 9న. నూట పాతికేళ్ళ కిందటి పట్టాల మీద మన ఐటీ ఉద్యోగికి స్టేషన్ ఇవ్వాలంటే, దానికి హైటెక్ సిటీ అని పేరు పెట్టగలిగారు గానీ హైటెక్ సిటీ దగ్గర పెట్టలేకపోయారు. అక్కడ దిగి సైబర్ టవర్స్‌కి నడిచి వెళ్దామనుకున్న వాడు ఆటో వెతుక్కోవలసిందే. 2019 మార్చిలో మెట్రో వచ్చాక దానికీ ఒక హైటెక్ సిటీ స్టేషన్ వచ్చింది. ఒకే పేరుతో రెండు స్టేషన్లు, రెండూ వేరే వేరే చోట్ల! ఊరికి కొత్తగా వచ్చిన బంధువులకి దారి చెప్పి చూడండి, మీకే తెలుస్తుంది.

దీన్ని ఎవరి తప్పు అనీ అనను. పాత లైను వాడుకోవడం తెలివైన పనే. అయితే పట్టా జరపలేనప్పుడు, స్టేషన్ నుంచి బయటికి వెళ్ళే దారిని అయినా డిజైన్ చెయ్యాలి కదా? మనిషి అయిదు నిమిషాల్లో నాలుగు వందల మీటర్లు నడుస్తాడు, పది నిమిషాల్లో ఎనిమిది వందలు. మ్యాపు మీద వృత్తం గీసి "ఇంత మంది జనాభా ఉన్నారు" అని రిపోర్టుల్లో రాస్తారు. ఆ వృత్తంలో ఒక నాలా ఉంటుంది, ఒక ప్రహరీ గోడ ఉంటుంది, స్టేషన్‌కి ఒక్క వైపే గేటు ఉంటుంది. రెండో వైపు వాళ్ళు చుట్టూ తిరిగి రావాలి, లేదా పట్టాలు దాటాలి. జనం ఏం చేస్తారో మనందరికీ తెలుసు. రెండో వైపు ఒక గేటు, ఒక చిన్న వంతెన కట్టడానికయ్యే ఖర్చు, కొత్త స్టేషన్ ఖర్చుతో పోలిస్తే ఏపాటిది?

ఇక ప్లాట్‌ఫారం ఎత్తు. నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. మన దేశంలో ఎత్తు ప్లాట్‌ఫారం అంటే 760 నుంచి 840 మిల్లీమీటర్లు. లోకల్ రైలు బోగీ నేల దాదాపు 1,200. అంటే అడుగుకి పైనే తేడా. బండి ఆగేది క్షణాలు. చంటిపిల్లతో ఉన్న తల్లి, ముసలివాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? ఎందుకు పెంచరంటే, అదే పట్టా మీద గూడ్సు బండ్లు, ఎక్స్‌ప్రెస్‌లు కూడా పోవాలి, ప్లాట్‌ఫారం తగలకూడదు. ఇది నిజమైన ఇబ్బందే, సాకు కాదు. అయినా ముంబైలో 2014లో ఒక ఘోర ప్రమాదం తర్వాత, హైకోర్టు కల్పించుకున్నాక, సబర్బన్ ప్లాట్‌ఫారాలని 900 మిల్లీమీటర్ల పైకి ఎత్తారు. స్మార్ట్ రైలుకీ ఇదే సమస్య వచ్చింది, అక్కడా గూడ్సు నడుస్తుంది. వాళ్ళు ప్లాట్‌ఫారం 48 అంగుళాలు కట్టి, గూడ్సు బండి కాస్త పక్కకి జరిగి వెళ్ళేలా స్టేషన్ల దగ్గర అదనపు పట్టాలు వేశారు. చూడ్డానికి విచిత్రంగా ఉంటుంది, నాలుగు పట్టాలు ఒకదాన్నొకటి పెనవేసుకున్నట్టు. కానీ చక్రాల కుర్చీ ఎవరి సాయం లేకుండా బోగీలోకి దొర్లిపోతుంది.

"మా కాలనీ దగ్గర కూడా ఒక స్టేషన్" అని అడిగే వాళ్ళకి ఒక మాట. ప్రతి స్టాపూ బ్రేకు, ఆగడం, మళ్ళీ వేగం అందుకోవడం కలిపి ఒకటిన్నర, రెండు నిమిషాలు తింటుంది. పది స్టాపులు పెంచితే మన వాడు బైకే తీస్తాడు! 2024 సెప్టెంబర్‌లో కాల్‌ట్రెయిన్ కరెంటు రైళ్ళకి మారాక, త్వరగా వేగం అందుకోవడం వల్ల అన్ని స్టాపులూ ఆగే బండి కూడా ఇదివరకటి కంటే ముందే చేరుతోంది. కాబట్టి స్టేషన్ల సంఖ్యా, బండి రకమూ విడివిడిగా తేల్చే లెక్కలు కావు.

ఎంఎంటీఎస్ రెండో దశ 2012-13లో మంజూరైంది. ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఎవరి వాటా ఎప్పుడు ఇచ్చారన్న వాదనల్లోనే ఏళ్ళు గడిచాయి. మేడ్చల్, ఉందానగర్ బండ్లు 2023 ఏప్రిల్‌లో, మౌలాలి-సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్ బండి 2024 మార్చిలో మొదలయ్యాయి. ఉందానగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెయ్యాలనుకున్న కాస్త ముక్క మాత్రం పడనే లేదు. మనలో ప్రతి ఒక్కరూ అర్ధరాత్రి దిగి టాక్సీ బేరం ఆడేది అక్కడే.

మనం ఇక్కడ కూర్చుని విజ్ఞాపన పత్రాలు పంపుతూనే ఉన్నాం. వాటిలో "మెరుగైన రవాణా కావాలి" అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఈ డిసెంబర్‌లో మీలో ఇరవై మందికి పైగా ఇంటికి వెళ్తున్నారని తెలిసింది. ఒక్కొక్కరూ ఒక్క స్టేషన్ తీసుకోండి. గేట్లు ఎన్ని, మెట్లు ఎన్ని, లిఫ్టు పని చేస్తోందా, ప్లాట్‌ఫారానికీ బోగీకీ తేడా ఎంత, దగ్గరి బస్టాపుకి ఎన్ని నిమిషాలు, రాత్రి తొమ్మిదికి దీపాలు వెలుగుతున్నాయా. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళని తోడు తీసుకెళ్ళండి, మనకి కనపడనివి వాళ్ళ కాళ్ళకి తెలుస్తాయి. మిగతా వివరాలకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు మన వాళ్ళు అక్కడ వేస్తారు.

స్టేషన్ల జాబితా తలుపు దగ్గర టేబుల్ మీద పెట్టాను. డబీర్‌పురా, యాకుత్‌పురా పక్కన ఇంకా ఎవరి పేరూ పడలేదు. బేగంపేట నాది, మా అమ్మని తీసుకుని వెళ్తున్నాను.