ఏ ప్రమాణము నిలచును?

(సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సంగీత సాహిత్యములకు నెలవైన ఈ వేదికపై తీగలను గూర్చి, ప్లగ్గులను గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. నేను విజ్ఞానశాస్త్రము చదివినవాడను గాను. ఆర్ట్సు పట్టముతో కొలువున జేరి, దస్త్రములతోడను నిబంధనలతోడను కాలము గడపుచున్నవాడను. ఇచ్చట చెప్పునది నా స్వంత అభిప్రాయమే గాని ప్రభుత్వాభిప్రాయము గాదు. అయినను ఫోనునకు ఏ ఆకారపు ప్లగ్గు ఉండవలెనన్నది కేవలము యంత్రశాస్త్ర ప్రశ్న గాదు. పదిమంది కలసి మనుటకు నియమ మెట్లేర్పడునన్న ప్రశ్న కూడ అందులో నున్నది. ఆ ప్రశ్న మనబోటి ఉద్యోగులకు సంబంధించినదే.

నేటి చేతి పరికరములలో అధిక భాగము యు.ఎస్.బి. టైప్-సి అను ఒకే రూపమునకు వచ్చి చేరినవి. ఒకే పనికి రెండు మూడు ప్రమాణములు పోటీపడినప్పుడు శ్రేష్ఠమైనదే గెలుచునని మన మనుకొందుము. ఈ తీగల చరిత్ర వేరొక మాట చెప్పుచున్నది. బలహీనుని నెత్తిన ఏది తక్కువ భారము మోపునో అదియే నిలచుచున్నది. ఈ ఒక్క మాటను మీ ముందు నిరూపింప యత్నింతును.

1995లో ఫైర్‌వైర్ అను ప్రమాణము వెలువడెను. దాని రూపకల్పనలో ఆపిల్ కంపెనీ ప్రధాన పాత్ర వహించెను. మరుసటి యేట, 1996 జనవరిలో, ఏడు కంపెనీలు కలసి యు.ఎస్.బి.ని వెలువరించినవి. ఆ నిర్మాణమున ఇంటెల్ కంపెనీ ఇంజనీరు, బరోడాలో చదివిన అజయ్ భట్ ముఖ్యుడని మనము సంతోషముతో చెప్పుకొనవచ్చును. ఇక బలాబలములు చూడుడు. ఫైర్‌వైర్ సెకనునకు 400 మెగాబిట్ల వరకు పంపగలిగెను. మొదటి యు.ఎస్.బి. గరిష్ఠ వేగము 12 మెగాబిట్లు మాత్రమే. విద్యుత్తు నందించుటలోను ఫైర్‌వైర్‌దే పైచేయి. కంప్యూటరుతో పనిలేకయే రెండు పరికరములు దాని మూలమున సంభాషించుకొనగలవు. వీడియో కెమెరాలు చేయువారు దాని నాదరించిరి. అట్టిది ఓడిపోవుట కేమి కారణము?

మొదటి కారణము నిర్మాణములోనే కలదు. ఫైర్‌వైర్ సభలో ప్రతివాడును అధ్యక్షుడు కాగలవాడే. కావున ప్రతి పరికరమునందును కొంత తెలివిగల, అందువలన కొంత ఖరీదైన, నియంత్రణ సాధనము ఉండవలెను. యు.ఎస్.బి. పద్ధతి వేరు. పెత్తన మంతయు కంప్యూటరుదే. పరికరము అడిగినప్పుడు బదులు చెప్పు గుమాస్తా వంటిది. మౌసు, కీబోర్డు వంటి చిన్న వస్తువులకు అతి చౌక చిప్పు చాలును. భారమును మోయగలవాడు మోసెను. అల్పుడు తేలికగ తప్పుకొనెను.

రెండవ కారణము రుసుము. 1999లో ఆపిల్ ఒక్కొక్క ఫైర్‌వైర్ పోర్టునకు ఒక డాలరు కోరెను. ఆక్షేపణలు రాగా అది ఒక్కొక్క వస్తువునకు 25 సెంట్లకు తగ్గెను. యు.ఎస్.బి. పేటెంట్లకు అట్టి రుసుము లేదు. వేయి డాలర్ల యంత్రము నమ్మువానికి పావు డాలరు లెక్కలోనిది కాదు. స్వల్ప లాభముతో మౌసు లమ్ముకొనువానికి అదియే జీవన్మరణ సమస్య. పైగా ఇంటెల్ తన చిప్పులలోనే యు.ఎస్.బి.ని చేర్చుటచే కంప్యూటరు కొన్నవారి యింటికి అది అడుగకయే చేరెను.

ఫలితము చూడుడు. 2001లో ఆపిల్ తన ఐపాడ్ అను పాటల పెట్టెను ఫైర్‌వైర్‌తోనే విడుదల చేసెను. అది సబబే. అందలి 5 గిగాబైట్ల స్థలమును 12 మెగాబిట్ల తీగతో నింపవలెనన్నచో, తీగ పూర్తి వేగము నందినను సుమారు గంట కాలము పట్టును. కాని 2000లోనే వెలువడిన రెండవ యు.ఎస్.బి. వేగము 480 మెగాబిట్లు. అది కంప్యూటర్లలో వ్యాపించెను. విండోస్ కంప్యూటర్లు గలవారికి గూడ ఐపాడ్ అమ్మవలెనన్నచో వారి యంత్రములం దున్న పోర్టునే ఆశ్రయింపవలెను. 2003లో ఐపాడ్ యు.ఎస్.బి.కి చోటిచ్చెను. 2005లో వచ్చిన నమూనాలలో ఫైర్‌వైర్ ద్వారా పాటలు నింపు వీలు తొలగెను. కన్నవారే బిడ్డను విడిచిరి.

తరువాతి ఘట్టము పోర్టు ఆకారమునకు సంబంధించినది. చేతి పరికరములు చిన్నవగుకొలది పోర్టును చిన్నది కావలసివచ్చెను. 2007 నాటి మైక్రో యు.ఎస్.బి.లో ఒక చక్కని వివేకము కలదు. మాటిమాటికి గ్రుచ్చి తీయుటవలన అరుగునట్టి స్ప్రింగులను ఫోనులో గాక కేబుల్ కొనలో అమర్చిరి. అరిగిన కేబుల్ పారవేయవచ్చును. అరిగిన పోర్టు మార్పించుకొనుట కష్టము. 10,000 మారులు గ్రుచ్చి తీయుటకు తట్టుకొనవలెనని నియమము. దినమునకు మూడు మారుల చొప్పున అది తొమ్మిదేండ్ల ఆయుర్దాయము. 2014లో వచ్చిన టైప్-సి కూడ ఈ నీతినే పాటించి, ఎటు త్రిప్పి గ్రుచ్చినను పట్టు సదుపాయము చేర్చెను. విద్యుత్తు 100 వాట్ల వరకు, 2021 నుండి 240 వాట్ల వరకు, దానిగుండ ప్రవహింపగలదు. ఫోనుకును ల్యాప్‌టాప్‌కును ఒకే తీగ చాలును.

న్యాయముగ చెప్పవలెనన్నచో, ఎటు త్రిప్పినను పట్టు సదుపాయమును రెండేండ్లు ముందుగ, 2012లోనే, ఆపిల్ వారి లైట్నింగ్ అందించెను. దాని ప్లగ్గు సన్ననిది, దృఢమైనది. కాని అది ఒకే యింటి తాళపుచెవి. దాని కుపకరణములు చేయగోరువారు ఆ కంపెనీ అనుమతి పొందవలెను. ఆ కంపెనీయే 2015లో తన ల్యాప్‌టాప్‌నకు టైప్-సి అమర్చుటచే, ఒకే యింటివారి యంత్రములకు రెండు తీగలు మోయవలసివచ్చెను.

ఇచ్చట ప్రభుత్వముల ప్రసక్తి వచ్చుచున్నది. 2009లో యూరపునందు ఫోను తయారీదారులు మైక్రో యు.ఎస్.బి.ని స్వచ్ఛందముగ అంగీకరించిరి. కాని అడాప్టరు ఇచ్చిన చాలునన్న సడలింపు ఉండుటచే ఏకత్వము పూర్తి కాలేదు. 2022లో యూరోపియన్ యూనియన్ శాసనము చేసెను. ఫోనులు, టాబ్లెట్లు, కెమెరాలు మొదలగువానికి 2024 డిసెంబరు 28, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువులుగ నిర్ణయించెను. గడువునకు ముందే, 2023 సెప్టెంబరులో, ఐఫోన్ 15 టైప్-సి ధరించి వచ్చెను. మన దేశమున 2022 నవంబరులో వినియోగదారుల వ్యవహారముల శాఖ జరిపిన సంప్రదింపులలో టైప్-సి పై ఏకాభిప్రాయము కుదిరెను. 2023 జనవరిలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ దానికి భారతీయ ప్రమాణమును ప్రకటించెను.

ప్రభుత్వము ఒక కొలతను విధించుట మనకు క్రొత్త గాదు. 1957 ఏప్రిల్ 1న పదహారణాల రూపాయి నూరు నయాపైసల రూపాయి యయ్యెను. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి, 1000 మిల్లీమీటర్ల మీటరు గేజి రెండును ఒకప్పుడు సికింద్రాబాదున కలసికొనుచుండెను. రెండు గేజిలు కలియు ప్రతిచోటను ఒక బండిలోని సరకును మరియొక బండిలోనికి మార్చు భారము హమాలీల వీపులపై పడెడిది. 1992లో చేపట్టిన యూనిగేజి పథకము ఆ వెతను తీర్ప సంకల్పించినదే.

అయినను ఒక ఆక్షేపణ సమంజసమైనది. 2009లోనే మైక్రో యు.ఎస్.బి.ని కఠిన శాసనముగ చేసియున్నచో, 2014లో పుట్టిన టైప్-సి కి ద్వారము మూతపడెడిది కాదా? తాత్కాలికమని వెలువడిన ఉత్తరువు లెంతకాలము బ్రతుకునో మన దస్త్రములకు తెలియును. కావున ప్రమాణమును విధించు శాసనమునందే దానిని మార్చు మార్గమును వ్రాసియుంచవలెను. యూరోపియన్ శాసనము అట్టి అధికారమును తన కమిషన్‌కు ఇచ్చినది. అది అనుసరింపదగిన పద్ధతి.

మరియొక హెచ్చరిక. రూపమొక్కటైనంత మాత్రమున శక్తియు ఒక్కటి గాదు. చూపునకు ఒకే తీరున నున్న రెండు టైప్-సి కేబుళ్లలో ఒకటి 480 మెగాబిట్ల వద్దనే ఆగును. రెండవది 40,000 మెగాబిట్లను మోయును. ఐఫోన్ 15 సాధారణ నమూనా సైతము 2000 సంవత్సరపు 480 మెగాబిట్ల వేగముతోనే తృప్తి పొందినది. తయారీదారుని భారము తగ్గినది, పోర్టు భారము తగ్గినది. ఏది ఏ తీగయో ఎరుగని భారము మాత్రము కొనువానిపై మిగిలినది. ప్రతి కేబుల్‌పైనను దాని వేగమును, అది మోయు వాట్లను సామాన్యునకు తెలియు అక్షరములలో ముద్రించుట న్యాయము. ఆ పని జరుగువరకు ఏకత్వము సగమే సిద్ధించినదని నా మనవి.

నియమములు వ్రాయు మనము ఈ చిన్న తీగ కొననుండి గ్రహింపదగినది ఇదియే. ఏ నియమమునైనను ముసాయిదాగ వ్రాయునప్పుడు, అది ఎంత ఘనమైనదని గాక, దాని బరువు చివర కెవరిపై పడునని ప్రశ్నించుకొనవలెను. దుర్బలుడు మోయగలిగిన నియమము శాశ్వతముగ గాకున్నను చిరకాలము నిలచును.