తిండి దగ్గర ఏడ్చే బిడ్డ

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ తినేటప్పుడు వెన్ను విల్లులా విరుచుకుని ఏడిస్తే మొండితనం అనుకోకండి. అన్నవాహిక కింది కండరం పట్టు సడలితే కడుపులోని ఆమ్లం పైకి తన్ని, రొమ్ములో మంట పుడుతుంది. తరచూ వాంతులు, రాత్రి దగ్గు, పదేపదే నిమోనియా, పెరగని బరువు కూడా దీని గుర్తులు కావచ్చు.

పడుకోబెట్టి తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి జావ చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెట్టండి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వండి. వాంతిలో నెత్తురు పడినా, పొలమారి ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వస్తాయి; బిడ్డను చూపించండి. ఆమ్లం పైకి తన్నే ఈ జబ్బుకు మందులున్నాయి, అవసరమైతే ఆపరేషనూ ఉంది. వైకల్యంలో ఇదీ భాగమేలే అని వదిలేయకండి.