హృదయరక్షణకు చేపయు, పప్పును
(ఉపన్యాస పాఠము)



కాకినాడ, విశాఖపట్టణము రేవులచెంత పెరిగి, ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన కుటుంబమునకు మొదట తోచు లోటు చేపయే. అక్కడ వేకువను వలనుండి దిగినది మధ్యాహ్నమునకు పులుసగును. ఇక్కడ అదే చేప మంచుగడ్డల నడుమ దినములకొలది ప్రయాణించి వచ్చును. రుచిభేద మట్లుండనిండు. ఇంటి పెద్దకు గుండెజబ్బు సోకి, మాంసము తగ్గించి చేప తినుమని వైద్యుడు చెప్పిన నాడు, ఏ చేప కొనవలెనను ప్రశ్న గృహిణి కెదురగును.

చేపనూనెయందు ఒమేగా-3 అను క్రొవ్వు ఆమ్లములు గలవు. రక్తములోని ట్రైగ్లిసరైడులను తగ్గించు గుణము వీనికున్నది. వారమునకు రెండుమార్లు చేప తినుట మేలని అమెరికా హృద్రోగ సంఘము చెప్పుచున్నది. కవళ్లు, కానాగంతలవంటి చిన్న సముద్రపు చేపలలో ఈ నూనె సమృద్ధి. కొల్లేటి ప్రాంతపు చెరువులనుండి లారీలలో వచ్చు శీలావతి, బొచ్చెలలో మాంసకృత్తులు మంచివే గాని ఈ నూనె స్వల్పము. చుట్టములకు వంజరము వండుట గౌరవమనియు, కవళ్లు పేదవాని కూర యనియు తెలుగువారిలో నొక తలంపు కలదు. గుండె ఈ మర్యాదను పాటింపదు.

పైగా సొర, పెద్ద వంజరము ఇతర చేపలను తిని బ్రతుకునవి. ఆ చేపలలోని పాదరసము వీని దేహమున పేరుకొనును. పాదరసమెంత క్రూరమో జపానులోని మినమాటయందు 1956లో బయటపడిన వ్యాధి లోకమునకు చూపినది. బాలింతకు పాలు పడునని సొరపిట్టు పెట్టు ఆచారము కోస్తాలో కలదు. పెద్దల ప్రేమను కాదనరాదు. అయినను గర్భిణికిని, బాలింతకును, పసివారికిని పెద్ద సొరకు మారుగా చిన్న చేపను పెట్టుట యుక్తము.

ఇక తాజాదనము. మొప్పలు ఎఱ్ఱగాను, కన్ను ఉబ్బి తేటగాను ఉండవలెను. వ్రేలితో నొక్కిన చోటు వెంటనే పైకి లేవవలెను. 2018లో చేపలపై ఫార్మలిన్ చల్లుచున్నారన్న కలకలము దేశమున చెలరేగి, అస్సాము ప్రభుత్వము ఆంధ్ర చేపల రాకను కొన్ని దినములు నిషేధించెను. చెరువుల రైతు కది పెద్ద దెబ్బ. ఇట్టి కల్తీని కనిపెట్టుటకు కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక సంస్థ కాగితపు పట్టీల పరీక్షను రూపొందించినది. కానాగంత మంచులేక నిలువయున్నచో హిస్టమిన్ పుట్టును. ఎంత ఉడికించినను అది నశింపదు. తిన్నవారికి ముఖము ఎఱ్ఱబారి దద్దురులు లేచును. కావున అంగడినుండి చేపను తిన్నగా ఇంటికి తెచ్చి చల్లని పెట్టెలో నుంచవలెను.

మంచి చేపను కొని మూకుడునిండ నూనెలో వేపినచో లాభము చాలవరకు పోవును, పులుసు మేలు. ఎండుచేపలలో ఉప్పెక్కువ గనుక రక్తపుపోటు గలవారికి తగవు. రొయ్యలను కొలెస్టరాలు పేర మితిమీరి నిందించుచున్నారు. వానిలో హానికరమైన సంతృప్త క్రొవ్వు కొంచెమే.

శాకాహారులు దిగులుపడ నక్కరలేదు. భారత వైద్య పరిశోధనా మండలి లెక్క ప్రకారము పెద్దలకు దినమునకు దేహభారములో కిలో ఒక్కింటికి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. అనగా అరువది కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. అన్నముతో కంది, పెసర, శనగపప్పులును, పూటకింత పెరుగును చేరినచో ఈ లెక్కకు చేరువ కావచ్చును. అవిసె గింజలలో ఒమేగా-3 యొక్క మరియొక రూపము కలదు. వేయించి పొడిగొట్టి అన్నములో కలుపుకొనవచ్చును. మూత్రపిండ వ్యాధి గలవారు మాత్రము పప్పైనను చేపైనను వైద్యుని అడిగియే కొలత నిర్ణయించుకొనవలెను.