జాన్సన్ మాస్టారి గంట

వారెన్ సీమోర్ జాన్సన్ గురించి మూడు సంగతులు చెబుతాను: ఆయన పంతులుగా గడిపిన రోజులు, ఆయన కనిపెట్టినవి, ఆయన నడిపిన పరిశ్రమ. ఏసీ రంగంలో పనిచేస్తున్న మిత్రులున్న ఈ సభకు ఆ మహానుభావుణ్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. మనం తినే అన్నంలో ఆయన పెట్టిన మెతుకులున్నాయి.

1847లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం విస్కాన్సిన్‌కు తరలిపోయింది. పెద్ద చదువులు లేవు. అచ్చుపని చేశారు, సర్వే చేశారు, బళ్లో పాఠాలు చెప్పారు. స్వయంకృషితో వైట్‌వాటర్‌లోని నార్మల్ స్కూల్లో, అంటే పంతుళ్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో, ఆచార్యులయ్యారు.

ఇక్కడ కాస్త నిలబడదాం. అక్కడ శీతాకాలంలో గడ్డకట్టించే చలి. పొయ్యి నేలమాళిగలో, పిల్లలు పైన గదుల్లో. పైన ఎంత వేడి ఉందో కింద నిప్పు చూసే మనిషికి తెలియదు. అందుకని పనివాడు పాఠం మధ్యలో తలుపు తోసుకుని వచ్చేవాడు. థర్మామీటర్ చూసి, మెట్లు దిగి వెళ్లి డ్యాంపర్‌ను, అంటే గాలి తలుపును, సర్దేవాడు. ఈలోగా పిల్లలు వణకడమో, ఉడికిపోవడమో. ఇంకొకరైతే పనివాడి మీద విసుక్కునేవారు. మాస్టారు అతని తిప్పలూ చూశారు, పిల్లల తిప్పలూ చూశారు. రెండు లోహాల పట్టీలు కలిపి చుట్టగా చుట్టారు. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, చుట్ట కదులుతుంది, పాదరసపు స్విచ్ కలుస్తుంది, కింద గంట మోగుతుంది. గదికి నోరొచ్చింది! మనం థర్మోస్టాట్ అనే పరికరం ఇదే; 1883లో దానికి పేటెంట్ వచ్చింది.

ఆ గంట గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఆయన యంత్రం దగ్గర మొదలుపెట్టలేదు, గదిలో కూర్చున్న మనిషి దగ్గర మొదలుపెట్టారు. ఈ హాలే చూడండి. వెనక వరసల్లో అమ్మలు కొంగు భుజాల మీదుగా కప్పుకున్నారు. కారణం ఆ తలుపు పక్కన ఉంది. థర్మోస్టాట్ కింద టీ డ్రమ్ము పెట్టారు. ఆ ఆవిరి తగిలి, హాలంతా వేడెక్కిందనుకుని అది చల్లగాలి తోలిస్తోంది. బాబూ, ఆ డ్రమ్మును కాస్త అవతలికి జరపండి. మనిషిని చూడకపోతే ఇలాగే అవుతుంది. ఇవాళ ఏసీ యంత్రాలుండే ప్లాంటు రూములో తెర మీద అంకె సరిగ్గా కనిపిస్తే చాలు, పని అయిపోయిందంటున్నారు. థర్మోస్టాట్‌ను ఏసీ గాలి నేరుగా తగిలేచోట, ఎండ పడే గోడకు, బీరువా వెనక బిగించి వెళ్లిపోతున్నారు. మా రోజుల్లో పెద్ద మేస్త్రీ గది మధ్యలో నిలబడి అరచెయ్యి గాల్లో ఆడించి చూసేవాడు. ఆ అలవాటు పోయింది, నాకు బాధగా ఉంది.

సభాధ్యక్షులు గడియారం చూస్తున్నారు, మాస్టారి పరిశ్రమ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1885లో విలియం ప్లాంకింటన్ పెట్టుబడితో మిల్వాకీలో కంపెనీ పెట్టారు. తర్వాత కరెంటు గంట నుంచి గాలి ఒత్తిడికి వచ్చారు. థర్మోస్టాట్ సన్నని గొట్టంలో ఒత్తిడిని మారుస్తుంది, దాంతో రేడియేటర్ వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఏ గది వేడి ఆ గదిదే. 1895 నాటి పేటెంట్ అది. యాభైకి పైగా పేటెంట్లు ఆయనవి. మిల్వాకీ సిటీ హాల్ గోపురం గడియారం, 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శనలో భారీ పూల గడియారం, వైర్‌లెస్, ఆవిరి బండ్లు, ఒక్కోటి ఒక్కో ఉపన్యాసం అవుతుంది. 1911లో కన్నుమూశారు. ఆ తర్వాత కంపెనీ ఉష్ణోగ్రత నియంత్రణ మీదే దృష్టి నిలిపింది. ఇప్పటి జాన్సన్ కంట్రోల్స్ అదే.

కుర్ర ఇంజనీర్లకు ఒక్క మాట. బిల్డింగు అప్పగించే ముందు ప్రతి గదిలో ఒక పూట కుర్చీ వేసుకుని కూర్చోండి. అక్కడ పనిచేసేవాళ్లను అడగండి, ఊడ్చే ఆయమ్మను కూడా అడగండి. వాళ్లు బాగుందన్నాకే సంతకం పెట్టండి. మాస్టారికి మనం చేయగల నమస్కారం అదే. సెలవు.