పెరటి వెదురు, దాని వయస్సు



గ్రంథాలయపు ఆవరణలో గోడ వెంబడి వెదురు నాటవలెనని మన యువకులు తలపెట్టిరి. ఆ విషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను శాస్త్రజ్ఞుడను గాను. నిఘంటువు చదువుకొన్నవాడను, గ్రామలెక్కలు వ్రాసిన చేయి గలవాడను, ఇరువదియేండ్లుగా పెరటిలో వెదురు పెంచుచున్నవాడను. ఈ మూడింటిని కలిపి చెప్పెదను.

అమరసింహుడు వెదురునకు చెప్పిన పేరులు చూడుడు. త్వక్సారము, అనగా బలమంతయు పైచర్మమునందే కలది. యవఫలము, అనగా యవలవంటి గింజ కలది. తృణధ్వజము, అనగా గడ్డిజాతికి జెండా. గాలికి మ్రోగు వెదుళ్లకు కీచకములని మఱియొక పేరు. కుమారసంభవమున కాళిదాసు హిమవంతునిచేత వానిని ఊదించెను. పేరులన్నియు సొగసైనవే గాని, తోట వేయువానికి అక్కరకు వచ్చునది తృణధ్వజమే. వెదురు చెట్టు కాదు, గడ్డి. నేటి వృక్షశాస్త్రమును అదే చెప్పుచున్నది. 1927 నాటి భారత అటవీ చట్టము మాత్రము దానిని చెట్లలో చేర్చెను. అడవికి వెలుపల పెరుగు వెదురును 2017లో ఆ జాబితానుండి తొలగించిరి. అమరునితో ఏకీభవించుటకు చట్టమునకు తొంబదియేండ్లు పట్టినది! అయినను మనకు 1967 నాటి ప్రత్యేక అటవీ చట్టము కలదు గనుక, నఱికిన వెదురును బండికెత్తి ఊరు దాటించుటకు ముందు అటవీశాఖవారిని విచారించుట మేలు.

చెట్టు మ్రాను ఏటేట లావెక్కును. వెదురు పిలక భూమినుండి ఎంత లావున వెలువడునో తుదకును అంతే లావు. కొన్ని నెలలలోనే పొడవు పూర్తియగును. పిదప రెండు మూడేండ్లు గట్టిపడుటయే దాని పని. కావున సన్నని బొంగును లావెక్కునని కాపాడుట వ్యర్థము. క్రొత్త పిలకలు వానకాలమున పొద అంచులందు పుట్టును. ముదురు బొంగులు నడుమ నిలిచిపోవును. మనవారు చేతికందినవి గదా యని అంచువి నఱికి, నడుమవి వదలుదురు. ఇట్లు చేసినచో కొన్నేండ్లకు పొద ఇఱుకై, పిలకలు వంకరపోయి క్షీణించును. పొదకు ఒక ప్రక్క గుఱ్ఱపు లాడమువలె దారి తీసి, మూడేండ్లు నిండినవానిని లోపలినుండి నఱుకవలెను. లేతవానిని ముట్టరాదు. నేలకు పైనున్న మొదటి లేక రెండవ కణుపును ఆనుకొని కోయవలెను. మోటిలో నీరు నిలువరాదు. వానలలో కత్తి పెట్టరాదు. కార్తీకము మొదలు మాఘము వఱకు తగిన కాలము. పుచ్చుపురుగు కోరునది బొంగులోని పిండిపదార్థమును. పాఱు నీటిలో కొన్ని వారములు నానవేసినచో అది చాలవఱకు పోవును. అమావాస్యనాడు కోసిన వెదురు పుచ్చదందురు. నాకు మాత్రము కాలువ నీటియందే నమ్మకము.

ఇక ఏ జాతి నాటవలెను? ముళ్ల వెదురు కంచెకు మంచిది, పిల్లలు తిరుగు చోటికి తగదు. సాధనపు వెదురు మెట్టనేలను ఓర్చుకొనును. అందము కోరువారికి పసుపు బొంగుపై పచ్చని చారలు గల జాతి కలదు. బుద్ధుని బొజ్జయను మఱియొక జాతిని తొట్టిలో ఉంచి నీరు తగ్గించి పోసిననే కణుపుల నడుమ ఉబ్బును. సారవంతమైన నేలలో పెట్టి దండిగా నీరు పోసినచో తిన్నగా పెరిగిపోవును. మోసపోయితినని అమ్మినవానితో జగడమాడిన పెద్దమనిషి నొకనిని నేనెఱుగుదును. తప్పు ఆయన బిందెది! చలిదేశపు పాకుడు వెదుళ్లను మాత్రము తేవలదు. అవి నేలలోపలనే పరుగెత్తి పొరుగువాని దొడ్డిలో లేచును. మనకున్న సరిహద్దు తగవులు చాలును.

ఇప్పుడు ముఖ్యవిషయము. ముళ్ల వెదురు, సాధనపు వెదురు జీవితమున ఒక్కసారియే విరివిగా పూచి, గింజ రాల్చి, ఎండిపోవును. ఆ గడువు ముప్పది నలువదియేండ్ల ప్రాంతము. వెదురు పూచిన కఱవు వచ్చునని మన పెద్దలందురు. దీనిని కేవలము మూఢనమ్మకమని త్రోసివేయరాదు. మిజోరమున ఒక జాతి వెదురు సుమారు 48 ఏండ్ల కొకమారు కొండలనిండ పూచును. 1958–59లో అట్లు పూచినపుడు ఎలుకలు ఆ కాయలు తిని లెక్కకు మిక్కిలిగా పెరిగి, కాయలు ముగిసిన పిదప వరిచేలపై పడినవి. ప్రజలు ఆకలితో అలమటించిరి. మఱల 2006 మొదలు 2008 వఱకు పూచెను. గడువు ముందే తెలిసియుండుటచే ప్రభుత్వము కొంత సిద్ధపడగలిగెను. అయినను పంటనష్టము తప్పలేదు.

మన ఊరిలో అంత ఉపద్రవము రాదు. కాని చిన్న ఉపద్రవము రావచ్చును. తల్లిపొదనుండి త్రవ్వి తెచ్చిన దుంప, మనము నాటిననాడు పుట్టినది కాదు. తల్లి వయస్సే దాని వయస్సు. ముప్పదియేండ్ల పొదనుండి తెచ్చిన పిలకను నేడు నాటినచో అయిదారేండ్లకే తల్లితోపాటు పూచి ఎండవచ్చును. మన పెరళ్లలోని పొదలలో చాలవఱకు ఒకరియింటినుండి ఒకరు తెచ్చుకొన్నవే. అవి ఒకే ఏట పోయినచో మనకు నీడ తప్పును; తట్టలు, చేటలు అల్లి బ్రదుకు మేదరివారికి ముడిసరుకే తప్పును. క్రొత్త పొద కోతకు వచ్చుటకు నాలుగైదేండ్లయినను పట్టును. అన్నాళ్లు వారేమి అల్లుదురు?

కావున ఆవరణలో నాటదలచిన మూడు దుంపలును ఒక్క పొదవి కారాదు. ఒకటి ఊరిలోనిది కానిండు, రెండవది దూరపు ఊరిది, మూడవది గింజనుండి మొలిచిన నారు. గోతికి గోతికి 5 మీటర్ల ఎడముండవలెను. భూమికి అడంగలు కలదు గాని వెదురునకు లేదు. అందులకై ఒక పుస్తకము గీతలు గీసి తెచ్చితిని. పొద యెచ్చటిది, ఇచ్చినవారెవరు, గింజయా దుంపయా, తల్లిపొద ఎన్నేండ్లదని వినికిడి, ఏయేట ఎన్ని బొంగులు కోసిరి, అని గడులు కలవు. తల్లిపొదల వయస్సు మనకంటె మేదరివారి పెద్దలకే బాగుగా జ్ఞప్తియుండును. వారిని ఈ సభకే పిలిచితిమి గనుక, ఇప్పుడే అడిగి మొదటి పుట నింపుకొందము.